బస్తీ బస్తీకి బడి: మాదరి భాగ్యరెడ్డి వర్మ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు అంబేద్కర్ గారి గురించి రాద్దామని మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఆయన ఫొటో మన డైనింగ్ హాలు గోడ మీద ఉంది. ఏప్రిల్ 14న దండ వేస్తాం, పాటలు పాడతాం, ప్రతి సంచికలోనూ ఆయన మీద రెండు మూడు వ్యాసాలు వస్తాయి. అందుకే ఈసారి మన గోడ మీద ఫొటో లేని ఒక మనిషి గురించి చెప్పాలనిపించింది. ఆయన మన రాష్ట్రంవాడు, మన భాష మాట్లాడినవాడు. మన పిల్లలకు బడి తలుపు తెరవని రోజుల్లో తానే బడులు పెట్టినవాడు. ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ.

నేను ఐదో తరగతి నుంచి డిగ్రీ దాకా హాస్టళ్ళలోనే చదివాను. అన్నేళ్ళలో ఈ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఎం.ఏ. చరిత్రలో చేరాక, ఒకరోజు క్లాసులో మా సార్ ఆయన గురించి చెబుతుంటే సిగ్గుగా అనిపించింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. నాకంటే ముందు మా వంశంలో ఎవరూ బడికి ఎందుకు పోలేదో, నేను ఎలా పోగలిగానో తెలుసుకోవాలంటే ఈయన కథ తెలియాలని అప్పుడు అర్థమైంది.

బాల్యం

భాగ్యరెడ్డి వర్మ గారు 1888 మే 22న హైదరాబాదులో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి మాదరి వెంకయ్య. మాల కుటుంబం. ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య. అంబేద్కర్ గారు పుట్టింది 1891లో కాబట్టి ఈయన ఆయనకంటే మూడేళ్ళు పెద్ద.

అప్పటి హైదరాబాదు నిజాం రాజ్యానికి రాజధాని. మన ఖమ్మం, మన తిరుమలాయపాలెం కూడా ఆ రాజ్యంలోనివే. భద్రాచలం మాత్రం అవతల మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కచేరీల్లో, ఆఫీసుల్లో ఉర్దూ నడిచేది. తెలుగులో చదువు చెప్పే బడులు తక్కువ. ఉన్న కొద్దిపాటి బడుల్లోకి అంటరానివారని పేరు పడ్డ పిల్లలను రానిచ్చేవారు కాదు. పల్లెల్లో వెట్టిచాకిరి, పట్నంలో దొరల ఇళ్ళలో పని. పిల్లవాడు నడవడం నేర్చాక వాడికి కూడా ఏదో ఒక పని సిద్ధంగా ఉండేది.

వాళ్ళ కుటుంబ గురువు ఒకాయన భాగయ్య పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. ఈ నేలను మొదట ఏలినవారు మనవాళ్ళేనని, రెడ్డి అనే మాట ఏలికను సూచిస్తుందని ఆ గురువు నమ్మకం. ఈ వాదనలో చరిత్ర ఎంత ఉందో పండితులు తేల్చుకుంటారు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. ఊళ్ళో ఎవరు పడితే వాళ్ళు ఒరేయ్ అని పిలిచే ఇంట్లో, ఒక పిల్లవాడికి తలెత్తుకొని చెప్పుకునే పేరు పెట్టాలని ఒక పెద్దాయన తపనపడ్డాడు. పేరు విలువ ఏమిటో ఆ పిల్లవాడు జీవితాంతం మరిచిపోలేదని ముందు ముందు చూస్తాం.

పెద్ద చదువులు చదివే అవకాశం ఆయనకు రాలేదు. చిన్న వయసులోనే సికింద్రాబాదులో ఒక బారిష్టరు గారి ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు ఉండేవి. వచ్చేపోయే చదువుకున్నవాళ్ళు లోకం సంగతులు మాట్లాడుకునేవారు. పని చేస్తూనే ఆ యువకుడు చదవడం, మాట్లాడటం, లోకాన్ని గమనించడం నేర్చుకున్నారు. సర్టిఫికెట్లు లేని చదువు అది. కానీ తర్వాత వేలమందికి చదువు దారి చూపించింది.

పద్దెనిమిదేళ్ళకు ఒక సంఘం

1906లో ఆయన జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది. మన హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముళ్ళ వయసు. అప్పటికి బొంబాయిలో అంబేద్కర్ గారు ఇంకా మెట్రిక్ కూడా పాస్ కాలేదు. మన సమాజంలో సంఘం పెట్టుకోవడమంటే ఏమిటో చాలామందికి తెలియని కాలం.

సంఘం పెట్టారు సరే, జనాన్ని ఎలా పోగుచేయాలి? కరపత్రం పంచితే చదవగలిగినవాళ్ళు లేరు. మీటింగు అంటే ఎవరూ రారు. అందుకని ఆయన జనానికి అలవాటైన దారినే పట్టుకున్నారు. భజనలు, హరికథలు ఏర్పాటు చేశారు. పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్ళు రాత్రిపూట కథ వినడానికి కూర్చునేవారు. కథ మధ్యలో తాగుడు మానాలని, చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేయకూడదని, జాతరల్లో జంతుబలులు ఆపాలని, పిల్లలను చదివించాలని చెప్పించేవారు. చదువు రానివాళ్ళకు చదువు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఏముంటుంది? మన ఊళ్ళలో ఒగ్గు కథకు, బుర్రకథకు జనం ఎలా చేరతారో చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

1911లో ఆ మండలి మన్య సంఘంగా మారింది. అప్పటి నుంచి ఉపన్యాసాలు, సభలు, కరపత్రాలు ఎక్కువయ్యాయి. బ్రహ్మసమాజం, ఆర్యసమాజం వారితో కూడా ఆయన కలిసి పనిచేశారు. ఆయన సేవను గుర్తించి 1913లో ఆర్యసమాజం తరఫున వర్మ అనే బిరుదు ఇచ్చారు. అలా మాదరి భాగయ్య మాదరి భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. అదే కాలం నుంచి ఆయన బుద్ధ జయంతి కూడా జరపడం మొదలుపెట్టారు. అందరూ సమానమని చెప్పిన బుద్ధుడి మీద ఆయనకు ఎంత గౌరవమంటే కొడుకుకు గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు.

ఇసామియా బజారు బడి

ఇక అసలు విషయానికి వస్తాను. 1910లో హైదరాబాదులోని ఇసామియా బజారులో, లింగంపల్లి బస్తీలో ఆయన మన పిల్లల కోసం పాఠశాలలు తెరిచారు. ఇసామియా బజారు అంటే ఇప్పటి కోఠికి దగ్గర. పరీక్షల కోచింగుకు హైదరాబాదు పోయినప్పుడు పుస్తకాల కోసం కోఠిలో తిరగని మన హాస్టల్ విద్యార్థి ఉండడు. ఆ సందుల్లోనే నూట పదేళ్ళకు పైగా కిందట మన పిల్లలు మొదటిసారి పలక పట్టుకొని కూర్చున్నారు.

ఆ బడుల్లో చదువు తెలుగులో చెప్పేవారు. పైన ఉర్దూ రాజ్యమేలుతున్నప్పుడు ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరాలు దిద్దించడం చిన్న విషయం కాదు. మొదటిసారి బడికొచ్చిన పిల్లవాడికి కొత్త చోటే భయం. దానికి తోడు కొత్త భాష కూడా అయితే వారం తిరక్కుండానే ఇంటికి పరుగెత్తుతాడు. ఇంగ్లీషు మీడియంలోకి మారిన ఏడాది మనలో ఎంతమంది వెనక బెంచీలో తలదించుకొని కూర్చున్నామో గుర్తు చేసుకోండి.

ఆ పాఠశాలలు ఏదో శాఖ బిల్డింగు కట్టి, జీతాలిచ్చి, పుస్తకాలు పంచి నడిపినవి కావు. సంఘం పెట్టుకున్నవి. దాతలు ఇచ్చిన చందాలు, కార్యకర్తల శ్రమ వాటికి ఆధారం. ఇవాళ మనం వాలంటీరు అంటున్న మాటకు అర్థం అప్పుడు ఆ బస్తీల్లో కనిపించేది. ప్రతిఫలం ఆశించకుండా తన సాయంత్రాన్ని, తన ఆదివారాన్ని ఇంకొకరి బిడ్డ చదువు కోసం ఇవ్వడమే ఆ అర్థం.

బడి పెట్టడం ఒక ఎత్తు, పిల్లలను తేవడం ఇంకో ఎత్తు. పిల్లవాడు పనికి పోతే సాయంత్రానికి ఎంతో కొంత ఇంటికి వస్తుంది. బడికి పోతే ఏం వస్తుందో తల్లిదండ్రులకు తెలియదు. ఎందుకంటే బడికి పోయి బాగుపడ్డవాడు వాళ్ళ కంటికి ఒక్కడూ కనపడలేదు. అలాంటి ఇంటి ముందు నిలబడి బిడ్డను పంపమని అడగటం ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు. ఎలా తెలుసో చివర్లో చెబుతాను.

రెండు బడులతో మొదలైన పని ఆగలేదు. ఒక్కో బస్తీకి పాకుతూ 1930ల నాటికి 26 పాఠశాలలైంది. వాటిలో సుమారు 2,500 మంది పిల్లలు చదివారు. లెక్క వేస్తే ఒక్కో బడికి దాదాపు వంద మంది. అంటే మన హాస్టల్ లాంటివి ఇరవై ఆరు అనుకోండి. పెద్ద చదువు, పెద్ద ఆస్తి, పెద్ద పదవి ఏదీ లేని ఒక మనిషి, ఆయన వెంట నడిచిన కొంతమంది కార్యకర్తలు కలిసి ఇది చేశారు. ఆ తర్వాత ఈ పాఠశాలలను నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మన పిల్లల చదువు ప్రభుత్వ బాధ్యతేనని ఒప్పుకోవడానికి సర్కారుకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. అంతవరకూ ఆ దీపం ఆరిపోకుండా కాపాడినవాళ్ళు వాలంటీర్లే.

ఆ రోజుల్లో ఇలాంటి పని చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అంతకు చాలా ముందే 1848లో పుణేలో జోతిబా ఫూలే, సావిత్రిబాయి దంపతులు ఆడపిల్లలకు బడి పెట్టారు. కోస్తాలో పిఠాపురం మహారాజా, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు కాకినాడలో మన పిల్లల చదువుకు, వసతికి తోడ్పడ్డారు. 1925లో అంబేద్కర్ గారి బహిష్కృత హితకారిణీ సభ షోలాపూర్లో హాస్టల్ తెరిచింది. కానీ పాలకులు, జమీందార్లు దయతలిచి చేయడం వేరు, వెలివాడ నుంచి వచ్చినవాడే లేచి తన వాడ పిల్లలకు బడి పెట్టడం వేరు. భాగ్యరెడ్డి వర్మ గారి గొప్పతనం అక్కడ ఉంది.

బెజవాడ సభ

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో మైలవరం రాజా వారి నాటకశాలలో ఒక పెద్ద సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు పూనుకొని ఏర్పాటు చేశారు. సుండ్రు వెంకయ్య గారు ఆహ్వాన సంఘం అధ్యక్షులు. సభకు అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ గారిని పిలిచారు. నిజాం రాజ్యం ఒకటి, బ్రిటిష్ ఆంధ్ర ఇంకొకటి. రెండు ప్రభుత్వాల కింద ఉన్న తెలుగు దళితులు ఒకచోట కలవడం ఆ రోజుల్లో పెద్ద సంగతి. హైదరాబాదు నుంచి బెజవాడకు రైలు దారి అప్పుడు కూడా మన ఖమ్మం మీదుగానే. ఆ సభకు హైదరాబాదు నుంచి రైల్లో పోయినవాళ్ళు మన స్టేషన్ దాటే పోయి ఉంటారు. ఈ సంగతి తట్టినప్పటి నుంచి ఖమ్మం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ ప్రయాణం గుర్తొస్తుంది.

ఆ సభకు ముందుగా పెట్టిన పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ గారు మొట్టమొదట ఆ పేరునే తప్పుపట్టారు. మనం ఐదో వర్ణం వాళ్ళం కాము, ఈ నేలకు మొదటి నుంచీ చెందినవాళ్ళం, కాబట్టి మనల్ని ఆది ఆంధ్రులనే పిలవాలని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాజన సభగా ముగిసింది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారని చెబుతారు. వీళ్ళు కొండెక్కి గుడిలోకి వస్తారేమోనన్న భయం అది. గుడి సంగతి అలా ఉంచితే, ఆ సభలో పేరుతో పాటు మన పిల్లలకు బడులు కావాలన్న మాట కూడా గట్టిగా వినిపించింది.

పేరు మారితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు, ఆ పేరు వెనక తిట్టు ఉంటే పిల్లవాడు తలెత్తి పలకగలడా? 1922లో మద్రాసు ప్రభుత్వం పాత పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అంగీకరించింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో మనవాళ్ళను ఆది హిందువులుగా రాసుకున్నారు. గురువు పెట్టిన పేరుతో తలెత్తుకున్న ఆ పిల్లవాడు పెద్దవాడై లక్షలమందికి పేరు మార్పించాడు.

ఆది హిందూ సేవకులు

1920ల మొదట్లో మన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేరులోనే సేవ ఉంది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ వెలిసింది. సభలకు, తగాదాలు తీర్చుకోవడానికి, చదువుకోవడానికి మనవాళ్ళకు సొంతమైన ఒక చోటు ఏర్పడింది. అంతకుముందు నలుగురు కూర్చొని మాట్లాడుకుందామన్నా చెట్టు కిందకో ఎవరి వాకిట్లోకో పోవలసి వచ్చేది.

స్వస్తిక్ దళ్ అనే పేరుతో ఆయన యువకులను వాలంటీర్లుగా తయారుచేశారు. అంటురోగాలు వచ్చి సొంత చుట్టాలే గడప తొక్కని రోజుల్లో ఈ కుర్రవాళ్ళు బస్తీలకు పోయి సాయపడేవారు. పిల్లలకు చదువు చెబుతామని వచ్చిన వాళ్ళే జ్వరం వచ్చినప్పుడు కూడా వచ్చారు. జనం వాళ్ళను నమ్మడానికి అదొక కారణమని నేను అనుకుంటున్నాను. కష్టంలో కనపడనివాడు సుఖంలో వచ్చి సలహా చెబితే ఎవరు వింటారు?

ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి బసివిలుగా, మురళీలుగా, జోగినులుగా మార్చే దురాచారాన్ని ఆయన తీవ్రంగా ఎదిరించారు. బాల్య వివాహాలు వద్దన్నారు. సారా దుకాణానికి పోయే డబ్బు పిల్లల పుస్తకాలకు పోవాలన్నారు. జీవహింస మాన్పించే సంఘంతో కలిసి జంతుబలులకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగారు. జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన చరిత్ర రాసినవారు లెక్క చెప్పారు. మైకులు లేని కాలం, బస్సులు అంతంత మాత్రంగా ఉన్న కాలం అది.

1930లో లక్నోలో జరిగిన అణగారిన వర్గాల అఖిల భారత సభలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడవలసింది అంబేద్కర్ గారేనని బలపరిచారు. తనకంటే చిన్నవాడైనా, తనకంటే ఎక్కువ చదువుకున్నవాణ్ణి ముందుకు నడిపి తాను వెనక నిలబడ్డారు. 1931లో భాగ్యనగర్ పత్రిక స్థాపించారు. పాతికేళ్ళ కిందట కరపత్రం చదివే దిక్కులేక హరికథ చెప్పించిన మనిషి ఇప్పుడు పత్రిక పెట్టారంటే, చదివేవాళ్ళు తయారయ్యారన్నమాట. ఆయన బడులు చేసిన పనికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

భేదాలు, చివరి రోజులు

గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు అంతా మంచే రాయడం మనకు అలవాటు. కానీ చరిత్ర విద్యార్థిగా ఒక మాట చెప్పాలి. ఆ ఉద్యమంలో అందరూ చివరిదాకా ఒక్క తాటి మీద లేరు. నాయకుల మధ్య భేదాభిప్రాయాలు వచ్చాయి. అరిగె రామస్వామి గారు, బి.ఎస్. వెంకటరావు గారు వంటి తర్వాతి నాయకులు వేరు దారుల్లో నడిచారు. మాల, మాదిగ కులాల మధ్య ఎడం కూడా పెరిగి వేరు వేరు సంఘాలు ఏర్పడ్డాయి. ఆ ఎడం ఇవాళ్టికీ మన గదుల్లో కనపడుతుంది. ఎవరి పక్కన ఎవరు మంచం వేసుకుంటారో చూస్తే చాలు. ఆది హిందువులు అనే ఒక్క పేరు కిందికి అందరినీ తేవాలని ఆయన పడ్డ తాపత్రయం పూర్తిగా నెరవేరలేదు. అది మన తరానికి మిగిల్చిన పని.

అయినా ఎవరి దారి ఏదైనా చదువు విషయంలో అందరూ ఒకే మాట మీద ఉన్నారు. 1947-48లో నిజాం ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న బి.ఎస్. వెంకటరావు గారు షెడ్యూల్డు కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించారు. బస్తీలో చందాలతో మొదలైన పని సర్కారు ఖజానా దాకా చేరింది. ఆ తర్వాత వచ్చిన స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు, గురుకులాలు అన్నీ ఆ దారిలోవే.

అది చూడటానికి భాగ్యరెడ్డి వర్మ గారు లేరు. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ముప్పై మూడేళ్ళు సంఘసేవలోనే గడిపారు. ఆస్తులు కూడబెట్టలేదు, పదవులు అనుభవించలేదు. ఆయన జ్ఞాపకంగా ఇసామియా బజారులో ఆడపిల్లల పాఠశాల వెలిసింది. ఆయన బడి పెట్టిన చోట, ఆయన పేరు మీద ఆడపిల్లలు చదువుకోవడం కంటే మంచి విగ్రహం ఏముంటుంది?

మన మాట

ఇప్పుడు ఇందాక చివర్లో చెబుతానన్న సంగతి చెబుతాను.

మన దగ్గర మిరపకోతలు ఎప్పుడు మొదలవుతాయో మీకు తెలుసు. సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. కూలి రేటు బాగుంది, ఇంట్లో అప్పు ఉంది. నాన్న పొమ్మనలేదు, ఉండమనలేదు. నాతో పాటు మా క్లాసువాడు ఇంకొకడు కూడా ఆగిపోయాడు. పది రోజుల తర్వాత ఒక అన్న బైకు మీద మా ఊరు వచ్చాడు. పేద పిల్లల చదువుకు సాయం చేసే ఒక చిన్న సేవాసంస్థలో ఆయన వాలంటీరు. ఆదివారాలు మా హాస్టల్‌కు వచ్చి లెక్కలు చెప్పేవాడు. నేరుగా చేను దగ్గరికే వచ్చి, గట్టు మీద కూర్చొని నాన్నతో గంటసేపు మాట్లాడాడు. నా చదువు గురించి మాట్లాడింది తక్కువ, మిరప రేటు, పురుగుమందుల ఖర్చు గురించే ఎక్కువ. పోయేటప్పుడు మాత్రం బావా, సోమవారం పిల్లవాణ్ణి నేనే తీసుకుపోతా అన్నట్టుగా చెప్పి వెళ్ళాడు. సోమవారం వచ్చాడు. నా ట్రంకు పెట్టె బైకు వెనక కట్టుకున్నాడు.

నా క్లాసువాడి ఇంటికి కూడా ఆయన పోయాడు. అప్పటికే వాళ్ళు కుటుంబంతో సహా వేరే ఊరికి కోతలకు పోయారు. ఇల్లు తాళం వేసి ఉంది. వాడు ఇప్పుడు ఖమ్మం మిర్చి మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడు. నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. ఇద్దరి మధ్య తేడా తెలివిలో లేదు. ఒకరి ఇంటికి మనిషి సమయానికి వచ్చాడు, ఇంకొకరి ఇంటికి వచ్చేసరికి తాళం ఉంది. అంతే.

భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం చదివినప్పుడు నాకు ఆ తాళమే గుర్తొచ్చింది. ఇవాళ హాస్టల్ ఉంది, సన్నబియ్యం ఉంది, స్కాలర్‌షిప్పు ఉంది. ఆయన కాలంలో బడి లేదు. మన కాలంలో బడి ఉంది గానీ, బడికీ ఇంటికీ మధ్య నడిచే మనిషి ఇంకా కావాలి. ఆ మనిషి జీతం తీసుకునే ఉద్యోగి కానక్కర్లేదు. ఆ దారి తెలిసినవాడైతే చాలు. ఆ దారి మనకంటే బాగా ఎవరికి తెలుసు?

గత రెండేళ్ళుగా నేను కూడా ఆదివారాలు మన హాస్టల్‌కు వస్తున్నాను. నాలుగు విషయాలు నాకు అర్థమయ్యాయి. మొదటిది, డబ్బు కంటే సమయం ముఖ్యం. నెలకు ఒక ఆదివారం ఇచ్చినా చాలు గానీ, ఇస్తామన్న ఆదివారం తప్పకూడదు. పిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తారు. రెండోది, సంక్రాంతి తర్వాత తిరిగి రాని పిల్లల జాబితా వార్డెన్ సార్ దగ్గర తీసుకొని మొదటి వారంలోనే ఇళ్ళకు పోవాలి. రెండో వారానికి తాళం పడుతుంది. మూడోది, ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీయించాలి. దోస్త్ అడ్మిషను, ఈ-పాస్ దరఖాస్తు, ఫీజు గడువు ఇలాంటివి ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉన్న పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు. మన పిల్లలకు మనమే చెప్పాలి. ఒక కాగితం ఆలస్యమై ఒక ఏడాది పోయినవాళ్ళను నేను చూశాను. నాలుగోది, తల్లిదండ్రులకు నీతులు చెప్పకూడదు. వాళ్ళ కష్టం ముందు వినాలి. ఆయన ముందు హరికథ చెప్పించి తర్వాత బడి మాట ఎత్తింది అందుకే కదా.

ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలకు ఒక విన్నపం. వార్షికోత్సవం రోజు మీరు వచ్చి ఫ్యానులు, వాటర్ ఫిల్టర్లు ఇస్తున్నారు, సంతోషం. కానీ ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక్క పదో తరగతి తమ్ముణ్ణి మీ పేరు మీద రాసుకోండి. వాడు ఇంటర్‌లో చేరేదాకా వాడి గురించి మీరు అడుగుతూ ఉండండి. తమ్ముళ్ళకు కూడా ఒక మాట. సాయం పొందటం చిన్నతనం కాదు. రేపు మీరు డిగ్రీకి పోయాక ఈ గేటు లోపలికి మళ్ళీ ఒక ఆదివారం రండి. నన్ను బైకు మీద తీసుకొచ్చిన అన్నకు నేను ఏమిచ్చినా తీసుకోడు. అందుకే ఆ బాకీ మీకు తీరుస్తున్నాను. మీరు మీ తర్వాతివాళ్ళకు తీర్చండి.

వచ్చే మే 22న మనకు ఎండాకాలం సెలవులు. హాస్టల్ ఖాళీగా ఉంటుంది. అందుకే భాగ్యరెడ్డి వర్మ గారి జయంతి మనం జరుపుకోలేకపోతున్నాం. ఆయన వర్ధంతి ఫిబ్రవరి 18 మాత్రం సరిగ్గా మిరపకోతల్లో వస్తుంది. ఆ రోజు దండలు, ఉపన్యాసాలు లేకపోయినా ఫరవాలేదు. హాజరు పట్టీ తీసి ఎవరు రాలేదో చూసి, ఇద్దరు ముగ్గురం కలిసి ఆ ఇళ్ళకు పోదాం. ఈసారి ఆయన ఫొటో ఒకటి కూడా ఫ్రేము కట్టించి తెస్తాను. అంబేద్కర్ గారి పక్కన మేకు కొట్టడానికి చోటు చూసి ఉంచండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర) చివరి సంవత్సరం
తిరుమలాయపాలెం